వేగమునకు వీధి తావు కాదు

మనుష్యుడు ఒంటరిగా చేయుటకు సిగ్గుపడు పనిని గుంపులో చేరి గర్వముతో చేయును. పెండ్లికి ఋణము చేసి బాణసంచా కాల్చువానిని, కట్నము లెక్కపెట్టి పుచ్చుకొనువానిని ఏకాంతమున నడిగి చూడుడు. "నా కిష్టము లేదు కాని, పదిమందితో పాటు" అని యుత్తరము చెప్పును. ఆ "పదిమంది" యను దేవతకు ఇప్పుడు మన నగరములందు క్రొత్త గుళ్లు వెలయుచున్నవి. అందొకదానిలో నేను రెండేండ్లు భక్తుడనై యుంటిని. అది స్పోర్ట్సు కార్ల యజమానుల క్లబ్బు. దానిని నిందించుటకు నాకుగల అధికార మేమనగా, ఆ నిందలో నాకును పాలు కలదు.

నేను దిల్‌సుఖ్‌నగరు వాసిని. ఆ పేరునకు హృదయమునకు సుఖమిచ్చు నగరమని యర్థము. అచ్చటి రోడ్డుమీద సుఖమెంతయో నడచువాని కాళ్లకే తెలియును. శిక్షణాలయములకు వచ్చు విద్యార్థులు, దుకాణములకు వచ్చు స్త్రీలు, ఆటోలు, సిటీ బస్సులు, తోపుడు బండ్లు, వీని నడుమ మెట్రోరైలు స్తంభములు. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట నుండి ఎల్‌.బి.నగరు వఱకు మెట్రో నడచినది మొదలు మా పేటవారిలో పలువురు ఆకాశమార్గమున పోవుచున్నారు. క్రింద మిగిలినవారి పాట్లు మాత్రము ఎప్పటివలెనే యున్నవి. ఇట్టి చోట రెండే ఆసనములు గల పాత జర్మను కారొకటి కొంటిని. దాని కడుపు నేలకు జానెడెత్తున నుండును. ప్రతి స్పీడు బ్రేకరునొద్దను అది మూలుగును. గంటకు రెండువందల కిలోమీటర్లు దాటిపోగల ఆ యంత్రమును సాయంకాలమున మా వీధిలో అరటిపండ్ల బండి దాటిపోవును. ఎందుకు కొంటివని యడిగినవారికి నేను నిజము చెప్పలేదు. చిన్ననాట సినిమాలో చూచిన కారొకటి ముప్పది యేండ్లు నా మనస్సును విడువలేదు. నిజమింతియే. యంత్రముమీది ప్రేమ పాపము కాదు. చక్కగా కూర్చిన ఇంజను నాదము వినుట కొందఱికి వీణ వినుటవంటిది. ఈ వ్యాసము ఆ ప్రేమకు శత్రువు కాదని మొదటనే మనవి చేయుచున్నాను.

క్లబ్బులో చేరుటకు నడుపు నేర్పు చూపనక్కఱలేదు. పూర్వము నీవెవ్వరినైన గుద్దితివా యని యడుగువారు లేరు. కారు రిజిస్ట్రేషను పత్రమే అచ్చటి యజ్ఞోపవీతము. లోపల ప్రవేశించిన పిమ్మట వర్ణవ్యవస్థ యారంభమగును. ఎవని కారున కెన్ని అశ్వముల శక్తి కలదో, ఎవని కారు వెల యెన్ని కోట్లో, దానినిబట్టి పంక్తి. ప్రయాణమున మొదట పోవువారు వారే, సభలో మొదట మాటలాడువారును వారే. నేను తొమ్మిది కార్లలో ఎనిమిదవవాడను. "దిల్‌సుఖ్‌నగరులో కూడ ఇట్టి కారు కలదా!" అని మొదటిదినమున ఒకరు నవ్విరి. నేనును నవ్వితిని. కులములో తక్కువ మెట్టుననున్నవాడు పైమెట్టువారి హాస్యమునకు నవ్వుట మన దేశమునకు క్రొత్త కాదు.

అయినను అందు మాధుర్యము లేదనను. ఒక అర్ధరాత్రమున నాగోలువద్ద నా కారు నిలిచిపోగా, ముఖపరిచయము మాత్రమే గల సభ్యుడొకడు జూబిలీహిల్సు నుండి వచ్చి, తెల్లవాఱువఱకు నా ప్రక్కన నిలిచి, దానిని బాగుచేయించి మఱి పోయెను. అన్నదమ్ములు కూడ చేయని పని యది. అట్టి స్నేహమునకు కరగనివాడెవ్వడు? ఆ స్నేహమే నా నోరు కట్టినది. చెడ్డవారు మాత్రమే చేరిన సంఘము ఎక్కువకాలము నిలువదు. మంచివారు మొగమాటమునకు మాటలాడక యూరకుండు సంఘమే నిలిచి లోకమునకు హాని చేయును.

ప్రతి ఆదివారము తెల్లవాఱుజామున మేము ఎల్‌.బి.నగరు కూడలిలో కలిసెడివారము. అచ్చటినుండి విజయవాడ రోడ్డున చౌటుప్పల్‌ వఱకు పోయి, ఫలహారము చేసి మరలుట మా యాచారము. పశ్చిమమున నుండు సభ్యులు ఇంతదూరము తూర్పునకు వచ్చుట యెందులకనగా, విజయవాడ దారి వెడల్పైనది, సూటియైనది. మాకది యానంద మారంభమగు తావు. ఆ వేళ అచ్చట మఱి యెవ్వరెవ్వరుందురో మేము చూచి యెఱుగము. ఖమ్మమునుండి, నల్లగొండనుండి, కోస్తానుండి రాత్రి బస్సులలో వచ్చి పెట్టెలు నెత్తిన బెట్టుకొని రోడ్డు దాటువారు, పనికై యెదురుచూచు కూలీలు, పాలవారు, పూలవారు, వీధులూడ్చు స్త్రీలు. ఆ గంట మాకు ఖాళీ రోడ్డు, వారికి పని వేళ. రోడ్డు ఖాళీగా నున్నదని మేమనుకొనుటకు కారణము, కార్లు లేని రోడ్డును ఖాళీ యనుట మాకు అలవాటగుటయే.

వేగమునుగూర్చి నా యనుభవము చెప్పెదను. ఒంటరిగా నున్నపుడు నేను గంటకు ఎనుబది కిలోమీటర్లు మించి నడపినవాడను కాను. తొమ్మిది కార్ల పంక్తిలో ఒకనాడు నూట నలుబది చూచితిని. నన్నెవ్వరు నిర్బంధింపలేదు, ఒక మాటయు అనలేదు. ముందున్న కారు వెనుక దీపము చిన్నదగుచుండగా నాలో పుట్టినది ఉత్సాహము కాదు, సిగ్గు. చౌటుప్పల్‌లో అందఱు కాఫీ త్రాగుచుండగా చివర చేరువానిని చూచి ఎవ్వరో చిరునవ్వు నవ్వుదురు. ఆ చిరునవ్వును తప్పించుకొనుటకై నా భార్యాబిడ్డలను, ఎదుటివాని భార్యాబిడ్డలను ఏకముగా పణమొడ్డితిని. క్లబ్బు నాకు వేగముగా నడపుట నేర్పలేదు. భయపడుట సిగ్గుచేటని నేర్పినది. సంఘముల పాపమునకు మూలమిదియే. వివేకమును పిఱికితన మనిపించును.

ఇక ఆ ఆదివారము మాట. ఆ దినమున ఎల్‌.బి.నగరు బదులు దిల్‌సుఖ్‌నగరులో కలియుదమని నేనే పట్టుపట్టితిని. మా వీధివారు తొమ్మిది కార్లను చూడవలెనని నా కోరిక. అయిదు గంటలకు బయలుదేరితిమి. చైతన్యపురి దాటి కొత్తపేట సమీపించినపుడు, ఆగియున్న బస్సును తప్పించబోయి మూడవ కారు డివైడరు ప్రక్కకు ఒఱిగి, అచ్చట ఊడ్చుచున్న ఒక ముసలి స్త్రీని కొట్టి విసరివేసినది. ఆమె మీద మెఱయు పట్టీల అంగరకా యుండెను. మా దీపములలో అది మెఱసియు నుండవలెను. చూచుటకు కావలసిన కాలమును మేమే మ్రింగివేసితిమి.

ముందు కార్లు నిలువలేదు. నేను దిగితిని. ఆమె కాలు విఱిగి వంకరగా పడియుండెను. ఆమె నన్నడిగిన మొదటి మాట: "నా చీపురేడ వడ్డది బిడ్డా?" అప్పుడే ఫోనులో మా నాయకుని యాజ్ఞ వచ్చినది. ఎవ్వరును నిలువరాదు, ఎల్‌.బి.నగరు దాటి కలియవలెను. ఒక ఆటో డ్రైవరు ఆమెను ఎత్తుకొని తన బండిలో పరుండబెట్టుచు, నా వైపు చూడకయే, "మీరు పోండి సారూ" అనెను. నేను పోయితిని. ఈ ఒక్క మాట వ్రాయుటకే నాకు మూడేండ్లు పట్టినది.

చౌటుప్పల్‌లో ఫలహారము యథావిధిగా జరిగినది. సంభాషణమంతయు ప్రక్క అద్దమునుగూర్చి. దానిని విదేశమునుండి తెప్పింపవలెనట, నెలలు పట్టునట. "ఆమె రోడ్డు నడుమ ఎందులకుండవలెను?" అని యొకరడిగిరి. ఎందులకనగా, మన టైర్లలో మేకులు దిగకుండుటకు! ఆ వారములోనే తీసిన చిత్రములన్నియు చెఱిపివేయబడినవి. ఆమెకు కొంత సొమ్ము పంపి, ఫిర్యాదు లేదని కాగితముపై వ్రేలిముద్ర వేయించుకొనిరి. ఆ సొమ్ము అద్దము వెలకంటె తక్కువ. పదునేడు దినములైన తరువాత నేను ఠాణాకు పోయి చూచినది చూచినట్లు వ్రాసియిచ్చితిని. పదునేడు దినముల యాలస్యము నాది. క్లబ్బు నన్ను మిత్రద్రోహి యని వెలివేసినది. ఆ బిరుదు నేను మొదటిదినముననే సంపాదించుకొని యుండవలసినది.

చదువరులారా! మేము దాటి పారిపోయిన ఆ కూడలి ఎవ్వరి పేరు మోయుచున్నదో తలచుడు. ఎల్‌.బి.నగరనగా లాల్‌ బహదూర్‌ నగరు. 1956లో మన మహబూబ్‌నగరువద్ద రైలు ప్రమాదమున నూఱుమందికి పైగా మరణింపగా, రైల్వే మంత్రియైన లాల్‌ బహదూర్‌ శాస్త్రిగారు రాజీనామా నిచ్చిరి. నెహ్రూగారు దానిని అంగీకరింపలేదు. అదే సంవత్సరము నవంబరులో దక్షిణమున అరియలూరువద్ద మఱియొక ప్రమాదము జరుగగా ఈసారి పదవి వదలియే విడిచిరి. ఆయన ఆ రైళ్లను నడపలేదు, ఆ వంతెనలను కట్టలేదు. అయినను బాధ్యత నాదనిరి. ఆయనయు ఒక కారు కొనెను. ప్రధానమంత్రియైన పిమ్మట, పంజాబు నేషనలు బ్యాంకులో 5,000 రూపాయలు ఋణము చేసి కొన్న ఫియటు అది. 1966 జనవరిలో తాష్కెంటులో ఆయన మరణింపగా ఆ బాకీని లలితాదేవిగారు తమకు వచ్చు పింఛనులోనుండి తీర్చిరి. తాను నడపని రైలుకు బాధ్యత వహించిన మహనీయుని పేరు గల చోట, తాము నడపిన కారునకు బాధ్యత వహింపనివారు ప్రతి ఆదివారము జెండా యూపుకొని బయలుదేరుచున్నారు. ఇంతకంటె మన పతనమునకు కొలబద్ద వేఱేమి కావలెను?

కొందఱిట్లందురు: "మా సొమ్ముతో కారు కొంటిమి, పన్ను కట్టితిమి, రోడ్డు మాది కాదా?" అవును, మీది. ఆ ముసలి స్త్రీది కూడ. ఆమె కొన్న ఉప్పుమొదలు బస్సు టిక్కెట్టువఱకు అన్నిటిలోను పన్ను కలదు. అందఱు కలిసి వేసికొన్న బాట ఏ యొక్కని ఆటస్థలమును కానేరదు. మఱికొందఱు "మా క్లబ్బు రక్తదానము చేయుచున్నది, అనాథబాలురను కార్లలో త్రిప్పుచున్నది" అందురు. మంచిదే. ఒక చేత రక్తమిచ్చి రెండవ చేత రక్తము చిందించువానికి లెక్క సరిపోయినదని ఏ ధర్మశాస్త్రము చెప్పినది?

ఇంకను కొందఱు, "బస్సులవారు, మోటారు సైకిళ్లవారు వేగముగా పోవుట లేదా? మా తొమ్మిది కార్లమీదనే ఈ యాగ్రహమేల?" అని యడుగుదురు. ఈ ప్రశ్న న్యాయమైనది. కేంద్ర ప్రభుత్వపు లెక్కలప్రకారము 2022లో మన దేశమున రోడ్డు ప్రమాదములలో మరణించినవారు 1,68,491 మంది. వారిలో నూటికి సుమారు డెబ్బది యొక్కరి చావునకు అతివేగము కారణమని వ్రాసినారు. చచ్చినవారిలో నూటికి నలుబది నలుగురు ద్విచక్ర వాహనములవారు, పందొమ్మండుగురు పాదచారులు. ఇవన్నియు స్పోర్ట్సు కార్లవలన కలిగిన చావులని నేననను. అందు వీనిపాలు మిక్కిలి స్వల్పము. కాని వేగము పెద్దఱికమని, గౌరవమని ఊరికి చాటుచున్నవా రెవ్వరు? మా పంక్తి పోవుచుండగా వీధి యంచున నిలిచి ఫోనులో చిత్రము తీసికొను కుఱ్ఱవాడు, ఆ సాయంకాలమే తన తండ్రి మోటారు సైకిలుపై మమ్ము అనుకరించును. మాకు గాలిసంచులు, ఉక్కు చట్రము కలవు. వానికి తలమీద టోపీ కూడ లేదు. ఒకని తప్పు వానితో పోవును. సంఘము చేసిన తప్పు ఆచారమై నిలుచును.

వేగపు లెక్క పాఠశాల విద్యార్థికి కూడ తెలియును. గంటకు 60 కిలోమీటర్లు పోవు కారు ఒక సెకండులో పదునేడు మీటర్లు పోవును. 120 పోవునది ముప్పది మూడు మీటర్లు. కన్ను చూచి, బుద్ధి తెలిసికొని, కాలు బ్రేకుమీద పడునప్పటికే ఆ దూరము గతించును. వేగము రెట్టింపైనచో తాకిడి శక్తి రెట్టింపు కాదు, నాలుగు రెట్లగును. గంటకు 50 కిలోమీటర్లతో తగిలినదానికంటె 65తో తగిలినపుడు పాదచారి మరణించు భయము నాలుగున్నర రెట్లని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. ఈ పదునైదు కిలోమీటర్ల భేదము క్లబ్బువారి సంభాషణలో లెక్కకే రాదు.

చట్టము లేదా? కలదు. 1988 మోటారు వాహనముల చట్టమున 189వ విభాగము, ప్రభుత్వము వ్రాతమూలకమైన యనుమతి లేక రోడ్లపై పందెములను, వేగపరీక్షలను నిషేధించినది. 2019 సవరణ ప్రకారము మొదటి తప్పునకు మూడు నెలలవఱకు ఖైదు గాని, 5,000 రూపాయలవఱకు జరిమానా గాని, రెండును గాని. ఆ కార్ల టైరొకటి ఆ జరిమానాతో రాదు. అందుచేతనే పోలీసువారి కర్ర ఒక్కటి చాలదు, సంఘమే తన్ను తాను కట్టుకొనవలెనని నేననుచున్నాను. గాయపడినవానికి వైద్యము చేయించుట నడపినవాని విధియని అదే చట్టము 134వ విభాగమున చెప్పినది. సాయము చేసిన దారిని పోవువారిని వేధింపరాదని 2019లో చేర్చిన 134ఏ విభాగము చెప్పినది. ఆ ఆటో డ్రైవరు ఈ విభాగములను చదివియుండడు. చదువుకొన్న తొమ్మండుగురు పాటింపలేదు.

అట్లయిన వేగప్రియులు వేగమును చంపుకొనవలసినదేనా? అక్కఱలేదు. తావు మార్చవలెను. మా పేట పొరుగున మలక్‌పేటలో గుఱ్ఱపు పందెముల మైదానము కలదు. 1886లో ఆఱవ నిజాము కాలమున అచ్చటికి వచ్చినది. జూదమును నేను మెచ్చను. కాని గుఱ్ఱమును పరుగెత్తించుటకు వేఱు నేల కావలెనని, బజారులో పరుగెత్తించరాదని నవాబులకు కూడ తెలిసెను. ఇంగ్లండులో రోడ్లమీద గంటకు ఇరువది మైళ్ల హద్దు ఉన్న దినములలో, 1907లోనే, బ్రూక్‌లాండ్సు అను ప్రత్యేకపు బాట కట్టిరి. అమెరికాలో స్పోర్ట్సు కార్ల ప్రియులు 1944లో సంఘము పెట్టుకొనిరి. 1948లో వాట్కిన్సు గ్లెన్‌ అను గ్రామపు వీధులలోనే పందెములు ఆరంభమయ్యెను. 1952లో ఒక కారు ప్రేక్షకులను తాకి ఏడేండ్ల బాలుడొకడు మరణించెను. మఱుసటి యేడే పందెమును ఊరి నడుమనుండి తొలగించిరి. 1956లో దానికై వేఱుగా బాట నిర్మించిరి. వారికి ఒక్క బాలుని చావు చాలినది. మనకెన్ని కావలెను?

అంత దూరమేల? మదరాసులో 1953లో స్థాపింపబడిన మోటారు క్రీడల క్లబ్బు షోళవరములోని పాత విమానపు బాటపై పందెములు నడపి, తరువాత ఇరుంగాట్టుకోట్టైలో తన సొంత బాట నేర్పఱచుకొన్నది. మన హైదరాబాదులోనే 2023 ఫిబ్రవరి 11న హుస్సేను సాగరు తీరమున విద్యుత్తు కార్ల ప్రపంచ పందెము జరిగినది. ఆ రోడ్లు మూసినందుకు జనులు పడిన యిక్కట్టు నేను మఱువలేదు. అయినను ఆ దినమున బాట కిరువైపుల గోడలు, కంచెలు, వైద్యులు, రక్షకులు ఉండిరి. లోకములోని ఉత్తమ చోదకులకు అంత కంచె కావలసివచ్చినపుడు, నిన్న కారు కొన్నవానికి కొత్తపేటలో కంచె యక్కఱలేదా?

కావున ఇట్టి సంఘములలోనున్న సోదరులకు నా విన్నపమిది. కారు పత్రమును చూచి కాక, నడుపు నేర్పును, పూర్వచరిత్రను చూచి సభ్యత్వ మిండు. ప్రయాణమున అందఱికంటె నిదానముగా పోవువానిని ముందుంచుడు. వాని వేగమే పంక్తి వేగము కావలెను. రోడ్డుపై హద్దు మీఱినవానిని, ఎంత ధనవంతుడైనను, ఎంత మిత్రుడైనను వెలివేయుడు. వేగము చూడగోరినచో సంవత్సరమున రెండు మాఱులు మదరాసు బాటకో, కోయంబత్తూరు బాటకో పొండు. చందాలో నాలుగవ వంతు దానికే కేటాయింపుడు. ప్రతి సభ్యుడును ప్రథమ చికిత్స నేర్చుకొనవలెను. ప్రమాదము జరిగెనేని తొమ్మిది కార్లును నిలువవలెను. గాయపడినవారికిచ్చు సొమ్ముపై ఏ కాగితమును వ్రాయించుకొనరాదు. ఇందులో ఒక్కటియు అసాధ్యము కాదు. నాగోలులో అర్ధరాత్రమున నా ప్రక్క నిలిచిన ఆ మిత్రుడు, కొత్తపేటలో ఆ ముసలి స్త్రీ ప్రక్క నిలువలేకపోవుటకు కారణము హృదయము లేకపోవుట కాదు. ఆమె క్లబ్బు సభ్యురాలు కాకపోవుట. స్నేహపు గీతను ఆమెవఱకు జరుపుడని మాత్రమే నేనడుగుచున్నాను.

ఈ నియమములను మీ సంఘము అంగీకరింపనిచో, దానిని విడిచి బయటికి రండు. ఒంటరిగా నడుపుడు. ఒంటరివాడు భయపడును. ఆ భయము పిఱికితనము కాదు. తెల్లవాఱుజామున డివైడరు ప్రక్కన వంగి ఊడ్చుచున్నవారికి మనమీయగల మొదటి మర్యాద అదియే.